రెండు పాయింటు ముప్ఫై గంటలు

ప్రోగ్రామింగు కొత్తగా నేర్చుకునేవారికి మొదటి నెలలో ఇచ్చే అభ్యాసాలు మన దగ్గర దాదాపు స్థిరపడిపోయాయి. ఇచ్చిన అంకె ప్రధాన సంఖ్యా కాదా, ఫిబొనాచీ వరుస, నక్షత్రాలతో పిరమిడ్, పదాన్ని తిరగేసి రాయడం. విశాఖలోని ద్వారకా నగర్‌లో ఏ కోచింగ్ సెంటరు మెట్లెక్కినా ఇవే కనిపిస్తాయి. వీటిని తీసిపారేయమని నేను అనను. లూపు ఎలా తిరుగుతుందో, షరతు ఎక్కడ పెట్టాలో ఇవి బాగానే నేర్పుతాయి. కానీ వీటన్నిటికీ ఒక లోటు ఉంది. ప్రోగ్రాముకు ఇచ్చే సమాచారానికి ఒకే అర్థం ఉంటుంది, 17 అంటే 17 అంతే. మనిషి తన అలవాటు కొద్దీ రాసిన దాన్ని చదివి, ఇతని ఉద్దేశం ఏమిటని ఆలోచించాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాదు. అందుకని సాయంత్రాలు నా దగ్గర పైథాన్ నేర్చుకునే ఇంజనీరింగు పిల్లలకు నేను వేరే పని అప్పగిస్తాను. ఒక టెక్స్ట్ ఫైలులో వరుసకు ఒకటి చొప్పున వ్యవధులు రాసి ఉంటాయి. వాటిని చదివి, కూడి, మొత్తం ఎన్ని గంటల ఎన్ని నిమిషాలో చెప్పే స్క్రిప్టు, అంటే ఒక చిన్న ప్రోగ్రాము, రాయాలి.

చూడటానికి ఇది ఐదో తరగతి లెక్క. అరవై సెకన్లు ఒక నిమిషం, అరవై నిమిషాలు ఒక గంట, మిగిలినది పై గడిలోకి తోసెయ్యడం. నిజమే, లెక్క అంతే. అయినా ఈ స్క్రిప్టు దగ్గర కూర్చున్నవారిలో లెక్క రాక ఆగిపోయినవారిని నేను చూడలేదు; ఆగేదంతా లెక్కకు ముందే, మనిషి రాసిన నాలుగు అక్షరాలను ఏమని చదువుకోవాలన్న చోటే. నా వాదన కూడా అక్కడిదే. వ్యవధులు లెక్కగట్టే స్క్రిప్టులో అసలు పని చదవడం, కూడిక దాని వెనక వచ్చే చిన్న పని. ఆ చదవడంలో మొదటి నియమం, తెలియని దాన్ని ఊహించకుండా తిప్పి పంపడం. ఎవరో ముందే రాసిపెట్టిన లైబ్రరీలు ఎన్ని ఉన్నా ఈ భాగాన్ని ఒకసారి చేత్తో రాసుకోవాల్సిందేనని నేను పట్టుబట్టేది ఇందుకే.

పగటిపూట నా ఉద్యోగం రేవు మీద ఆధారపడి నడిచే ఒక చిన్న ఆఫీసులో, లెక్కల బల్ల దగ్గర. 1933లో విశాఖ రేవు తెరిచిన నాటి నుంచీ ఈ ఊళ్లో కాలాన్ని డబ్బులోకి మార్చే పని ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు. ఓడలో సరుకు దించడానికో ఎక్కించడానికో ఒప్పందంలో ఇచ్చే గడువును లేటైమ్ అంటారు. ఆ గడువు దాటి ఓడను ఆపితే రోజుకింత చొప్పున డెమరేజీ చెల్లించాలి, రోజులో కొంత భాగమే అయితే ఆ భాగానికి తగినంత. ఓడ ఎప్పుడు వచ్చింది, సిద్ధంగా ఉన్నానని ఎప్పుడు నోటీసు ఇచ్చింది, పని ఎప్పుడు మొదలైంది, వాన పడి ఎంతసేపు ఆగింది అన్నవన్నీ స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ అనే కాగితంలో వరుసగా ఉంటాయి. అందులోంచి వ్యవధులు తీసి, కూడి, తీసివేసి, టైమ్ షీటు తయారుచెయ్యాలి.

ఉదాహరణకు ఒక లెక్క వేసి చూద్దాం. గడువు 3 రోజుల 12 గంటలు అనుకుందాం, అంటే 5,040 నిమిషాలు. వాడుకున్నది 4 రోజుల 2 గంటల 40 నిమిషాలు, అంటే 5,920. గడువు ఇంకా మిగిలి ఉండగానే కురిసిన వానకు 5 గంటల 25 నిమిషాల మినహాయింపు, అంటే 325. (గడువు అయిపోయాక కురిసిన వానకు సాధారణంగా మినహాయింపు దొరకదు, ఒకసారి డెమరేజీలో పడ్డ ఓడ ఇక డెమరేజీలోనే ఉంటుందని ఈ వృత్తిలో పాత మాట.) వాన పోగా 5,595, అందులో గడువు పోగా 555 నిమిషాలు అదనం, అంటే 9 గంటల 15 నిమిషాలు. రోజుకు 10,000 డాలర్ల రేటు ఉంటే 3,854 డాలర్ల 17 సెంట్లు కట్టాలి. ఇదే 9 గంటల 15 నిమిషాలను ఒకరు 9.15 అని రాసి, మరొకరు దాన్ని దశాంశ సంఖ్యగా తీసుకుంటే అది 9 గంటల 9 నిమిషాలైపోతుంది, బిల్లు 3,812 డాలర్ల 50 సెంట్లకు దిగుతుంది. ఈ తేడా జరిగిన చోట ఎర్రర్ రాదు, స్క్రిప్టు ఆగదు, కాగితం చూడటానికి ఎంతో శుభ్రంగా ఉంటుంది.

ఆ చుక్క పరాయిది కాదు. పంచాంగంలో "ఉ. 10.23 వరకు", శుభలేఖలో "రా. 8.40 గంటలకు", పత్రికలో "సాయంత్రం 5.30కి", తెలుగు అచ్చులో గంటకూ నిమిషానికీ మధ్య ఎప్పటి నుంచో ఉన్నది చుక్కే. మన కంటికి 2.30 గంటలంటే రెండున్నర గంటలు. పైథాన్‌లో రాతను దశాంశ సంఖ్యగా మార్చే ఫ్లోట్ అనే ఫంక్షనుకు అదే రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు. ఎవరి చోట వారిది సరైనదే, అసలు చిక్కు అదే. ఇక 2.5 అని ఉంటే అది దశాంశం కావచ్చు, సున్నా రాయడానికి బద్ధకించిన 2.05 కావచ్చు, ఎక్సెల్ చివరి సున్నాను మింగేసిన 2.50 కూడా కావచ్చు.

పిల్లల్లో చురుకైనవారు ఇక్కడ వెంటనే ఒక నియమం అల్లుతారు: చుక్క తర్వాత 59 లోపు ఉంటే నిమిషాలు, 60 దాటితే దశాంశం. వినడానికి తెలివైనదే గానీ నేను ఒప్పుకోని నియమం ఇది. ఒకే నిలువు వరుసలో 2.45, 2.75 పక్కపక్కన వచ్చాయనుకోండి. మొదటిదాన్ని నిమిషాలుగా చదివితే 165 నిమిషాలు. రెండోదాన్ని దశాంశంగా చదివితే అదీ 165 నిమిషాలే. రాసినవారు వేర్వేరుగా రాసిన రెండు వ్యవధులను స్క్రిప్టు ఒకటి చేసేసింది, పైగా ఎవరికీ చెప్పకుండా. ఒకే ఫైలులో ఒక గుర్తుకు రెండు అర్థాలు ఇవ్వడానికి స్క్రిప్టుకు అధికారం ఎవరిచ్చారు? అందుకే నా దగ్గర నేర్చుకునేవారి స్క్రిప్టు చుక్క కనబడగానే ఆగిపోవాలి. ఆగి, "12వ వరుస: 2.45 అంటే ఏమిటో తెలియలేదు, 2:45 అని గానీ 2గం 45ని అని గానీ రాయండి" అని చెప్పాలి. వరుస సంఖ్య తప్పనిసరిగా ఉండాలి. లేకపోతే నాలుగు వందల వరుసల ఫైలులో ఆ చుక్క కోసం వెతికే మనిషి స్క్రిప్టును తిట్టుకుంటాడు, అందులో అతని తప్పేమీ ఉండదు.

కోలను (:) వాడితే చిక్కు తీరిపోతుందని అనుకుంటాం గానీ పూర్తిగా తీరదు. 1:45 అంటే ఆఫీసు కాగితంలో గంటా నలభై ఐదు నిమిషాలు. ఆర్కే బీచ్ రోడ్డులో పొద్దున్నే పరుగెత్తేవారి ఫోనులో 28:30 అంటే ఇరవై ఎనిమిది నిమిషాల ముప్ఫై సెకన్లు. ఆ రెండు ముక్కలనూ ఎంతసేపు చూసినా ఏది ఏదో తెలియదు. తెలిసేది ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందన్న దాన్నిబట్టి, అంటే అక్షరాల బయట ఉన్న సమాచారాన్నిబట్టి. దీన్ని వరుసవరుసకూ ఊహించకుండా ఫైలు మొదట్లో ఒక్కసారి ప్రకటించుకోవాలి: ఈ ఫైలులో రెండు ముక్కలుంటే గంటలు, నిమిషాలు. మూడు ముక్కలుంటే తగాదా లేదు.

తర్వాత వచ్చేది 1:75. దీన్ని 2:15గా సరిదిద్దడం కంప్యూటరుకు చిటికెలో పని, అందుకే చాలామంది సరిదిద్దేస్తారు. కానీ 75 అని టైపు చేసిన మనిషి 15 అనబోయి తప్పాడో, 1.75 గంటలను కోలనుతో రాశాడో, 57ను తిరగేశాడో మనకు తెలియదు. నేను పెట్టే నియమం ఇది: మొదటి ముక్క ఎంత పెద్దదైనా ఉండవచ్చు, దాని వెనక వచ్చే ముక్కలు మాత్రం 60 లోపు ఉండాలి, రెండేసి అంకెలతో ఉండాలి. కాబట్టి 98:40 చెల్లుతుంది, ఎందుకంటే వ్యవధికి ఇరవై నాలుగు గంటల పరిమితి లేదు. 1:75 చెల్లదు. 1:5 కూడా చెల్లదు, అది 1:05నో 1:50నో రాసినవారే చెప్పాలి.

తెలుగులో రాసిన వ్యవధులు ఇంకొంచెం సరదాగా ఉంటాయి. 1గం 20ని, 1 గం. 20 ని., 1 గంట 20 నిమిషాలు. వీటిని చదవడానికి అంకెలను ఒక పక్కకు, అక్షరాలను ఒక పక్కకు తీసి, అక్షరాల మొదలు "గం" అయితే గంటలు, "ని" అయితే నిమిషాలు, "సె" అయితే సెకన్లు అని పోల్చుకుంటే చాలు. అరగంట, పావుగంట, ముప్పావు గంట, గంటన్నర లాంటివి ఒక చిన్న డిక్షనరీలో పెట్టి, అచ్చంగా అదే పదం వస్తేనే తీసుకోవాలి. పావు తక్కువ రెండు గంటలను కూడా చదివే వ్యాకరణం ఒకటి రాయాలని కొందరికి ఉబలాటం పుడుతుంది. ఆ ఉత్సాహాన్ని నేను ఆపను గానీ మొదటి స్క్రిప్టులో మాత్రం వద్దంటాను. "సుమారు గంటన్నర" వస్తే తిప్పి పంపాల్సిందే. సుమారును కూడితే వచ్చేదీ సుమారే, దాన్ని నిమిషాలతో సహా అచ్చువేసి చూపడం అబద్ధం.

ఇక్కడ పైథాన్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. "౩౦" అని తెలుగు అంకెల్లో రాసి, రాతను పూర్ణాంకంగా మార్చే ఇంట్ ఫంక్షనుకు ఇస్తే అది మారు మాట్లాడకుండా 30 అని తీసుకుంటుంది. ఈ సంగతి మొదటిసారి చూసినప్పుడు పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. అదే పైథాన్ వాట్సాప్ నుంచి కాపీ చేసిన వరుసలో కంటికి కనబడని అక్షరం ఒకటి దాక్కుంటే మాత్రం మొరాయిస్తుంది. తెలుగు టైపింగులో పొల్లు తర్వాత అక్షరాలు కలవకుండా ఉండేందుకు వాడే జీరో విడ్త్ నాన్ జాయినర్ అలాంటిదే. స్ట్రిప్ ఫంక్షను వరుస మొదట్లో, చివర్లో ఉండే మామూలు ఖాళీలను తీసేస్తుంది, దీన్ని ఖాళీగా గుర్తించదు. కాబట్టి ఎర్రర్ సందేశంలో వరుసను ఉన్నదున్నట్టు చూపడమే కాకుండా, కనబడని అక్షరాలు కూడా బయటపడేలా రెప్ర్ అనే ఫంక్షను గుండా పంపి చూపాలి. అప్పుడు దొంగ దొరుకుతాడు.

ఇంతవరకూ వచ్చాక సాధారణంగా ఒక అభ్యంతరం లేస్తుంది. "సార్, డేట్‌టైమ్ లైబ్రరీలో స్ట్రిప్‌టైమ్ అనే వేళలు చదివే ఫంక్షను ఉంది కదండీ, ఒక్క లైనులో అయిపోయేదానికి ఇదంతా ఎందుకు?" అని ఒకమ్మాయి అడిగింది. "ఆ లైబ్రరీ మన శుభలేఖలు చదివిందా అమ్మా?" అన్నాను. క్లాసంతా నవ్వింది గానీ ప్రశ్న మంచిది, జవాబు నవ్వుతో సరిపెట్టేది కాదు. స్ట్రిప్‌టైమ్‌కు 8:30 ఇచ్చి గంటలు, నిమిషాలు అని చెప్పి చూడండి. తిరిగి ఇచ్చేది 1900 జనవరి 1, ఉదయం ఎనిమిదిన్నర. 2023 జనవరి 15న మొదలైన విశాఖ–సికింద్రాబాద్ వందే భారత్ ప్రయాణం ఎనిమిదిన్నర గంటలని రాసిన కాగితాన్ని ఇస్తే, మనకు ఏ సంబంధమూ లేని ఒక పాత సంవత్సరపు తొలి ఉదయం చేతికొచ్చింది. అలాంటి రెండింటిని కూడమంటే పైథాన్ ఒప్పుకోదు, రెండు తేదీలను కూడితే అర్థం లేదని సరిగ్గానే చెబుతుంది. 25:10 ఇస్తే అసలు చదవనే చదవదు, ఎందుకంటే గడియారంలో ఇరవై ఐదో గంట లేదు. ఆ ఫంక్షనులో తప్పేమీ లేదు. అది గడియారాన్ని చదవడానికి పుట్టింది. మనం ఇచ్చింది వ్యవధి.

ఈ తేడా మన ఊరికి పాతదే. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం ముందు నుంచి దాటిపోయిన ఘట్టాన్ని విశాఖలోని డాబా గార్డెన్స్ వేధశాల నుంచి అంకితం వెంకట నరసింగరావు గారు గమనించి నమోదు చేశారు. అప్పటికి భారత ప్రామాణిక కాలం లేదు, అది 1906లో వచ్చింది. ఏ ఊరి గడియారం ఆ ఊరిదే. ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశానికి విశాఖ కాస్త తూర్పున ఉంది కాబట్టి ఇక్కడి స్థానిక కాలం దానికి మూడు నిమిషాల పైచిలుకు ముందుంటుంది. శుక్రుడు బింబం అంచును తాకిన క్షణం ఏ గడియారంతో చూశామన్న దాన్నిబట్టి మారుతుంది. తాకినప్పటి నుంచి విడిచేదాకా పట్టిన వ్యవధి మాత్రం, ఆ గడియారం సరిగ్గా నడిచినంత కాలం, ఏ ఊరి లెక్కలో చూసినా అంతే ఉంటుంది.

రెండు వేళలిచ్చి మధ్య వ్యవధి చెప్పమన్నప్పుడు అర్ధరాత్రి అడ్డొస్తుంది. ఈ ఊళ్లో కర్మాగారాల్లో పనిచేసేవారి ఇళ్లలో రాత్రి పదికి ఎక్కి పొద్దున్న ఆరుకు దిగే షిఫ్టు అందరికీ తెలిసినదే. 6లోంచి 22 తీసేస్తే మైనస్ 16 గంటలు, అంటే మైనస్ 960 నిమిషాలు. దాన్ని రోజుకుండే 1,440 నిమిషాలతో భాగించి శేషం తీసుకుంటే పైథాన్‌లో 480 వస్తుంది, ఎనిమిది గంటలు, సరైన జవాబు. ఇదే చిట్కాను సీలోనో జావాలోనో జావాస్క్రిప్టులోనో రాస్తే మైనస్ 960 అలాగే ఉండిపోతుంది, ఎందుకంటే ఆ భాషల్లో శేషానికి వచ్చే ప్లస్ లేదా మైనస్ గుర్తు భాజ్యాన్ని, అంటే భాగింపబడే సంఖ్యను, అనుసరిస్తుంది.

కానీ పైథాన్‌లో పనిచేసిందని సంతోషించడం నాకు నచ్చదు. ఆ శేషం చిట్కాలో ఒక మౌన వాగ్దానం ఉంది: వ్యవధి ఇరవై నాలుగు గంటల లోపే ఉంటుందని. డిబ్రూగఢ్ నుంచి కన్యాకుమారికి విశాఖ మీదుగా వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ ప్రయాణం 72 గంటలకు పైమాటే. ఎక్కిన వేళ, దిగిన వేళ మాత్రమే ఇస్తే ఈ చిట్కా మూడు పూర్తి రోజులను మింగేసి, పక్క ఊరికి వెళ్లొచ్చినంత సమయం చూపుతుంది. ఉదయం పదికి మొదలై ఉదయం పదికి ముగిసిన పనికి సున్నా అంటుంది. అది పూర్తి రోజు పనో, అసలు జరగని పనో రెండు గడియారపు ముల్లులు చెప్పలేవు. తేదీ కావాలి. తేదీ ఇవ్వకుండా తేడా అడిగితే స్క్రిప్టు కనీసం "24 గంటల లోపని అనుకుంటున్నాను" అని అచ్చువెయ్యాలి. తేదీ అన్నప్పుడు కూడా ఎవరి తేదీ అన్నది చూసుకోవాలి. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, శుక్రవారం కింద "తె. 3.12" అని ఉన్నది గోడ క్యాలెండరు ప్రకారం శనివారం తెల్లవారుజాము. ముహూర్తం తేదీ మీద ఇళ్లలో జరిగే వాదులాటలన్నీ దీని చుట్టూనే.

చదివిన తర్వాత దాచుకోవడం సంగతి. చదివిన ప్రతి వ్యవధినీ వెంటనే ఒకే ఒక పూర్ణాంకంగా మార్చెయ్యాలి, మన అవసరానికి నిమిషాలు చాలు అయితే నిమిషాలు, లేకపోతే సెకన్లు. గంటలను దశాంశాలుగా దాచేవారు ఇరవై నిమిషాలను 0.33 అని రాస్తారు. అలాంటివి మూడు కూడితే 0.99, అంటే 59 నిమిషాల 24 సెకన్లు, గంట కాదు. ఎక్సెల్ వేళను రోజులో భాగంగా దాస్తుంది కాబట్టి మామూలు ఫార్మాటులో 27 గంటల 30 నిమిషాల మొత్తం 3:30గా కనబడుతుంది. ఫార్మాటులోని గంటల గుర్తును చదరపు బ్రాకెట్లలో, [h] అని, పెడితే గానీ నిజం బయటికి రాదు. పూర్ణాంకంగా దాచుకుంటే ఈ గొడవేదీ ఉండదు. పైథాన్‌లో చరరాశుల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు, కాబట్టి ఇందుకు కావలసిన మూడు పంక్తులు ఇలా రాసినా నడుస్తాయి:

మొత్తం = గంటలు * 60 + నిమిషాలు
గంటలు = మొత్తం // 60
నిమిషాలు = మొత్తం % 60

మొదటిది లోపలికి వచ్చేటప్పుడు, తర్వాతి రెండూ బయటికి వెళ్లేటప్పుడు. మధ్యలో జరిగే కూడికలు, తీసివేతలన్నీ మొత్తాల మీదే. గంటలను గంటలతో, నిమిషాలను నిమిషాలతో విడివిడిగా కూడి మిగులు మోసుకెళ్లే కోడు ఎవరు రాసి చూపించినా నేను చెరిపించేస్తాను.

చివరి రెండు పంక్తులు రుణ వ్యవధి దగ్గర తమాషా చేస్తాయి. గడువు కంటే ఐదు నిమిషాలు ముందే పని ముగిస్తే మొత్తం మైనస్ 5. పైథాన్ భాగాహారం ఎప్పుడూ కిందికే దిగుతుంది కాబట్టి గంటలు మైనస్ 1, నిమిషాలు 55 అవుతాయి. లెక్కగా అది నిజమే, మైనస్ అరవైకి యాభై ఐదు కలిపితే మైనస్ ఐదు. మనిషికి చూపించడానికి మాత్రం పనికిరాదు. వ్యవధులు దాచడానికి పైథాన్‌కున్న సొంత టైమ్‌డెల్టా కూడా మైనస్ ఐదు నిమిషాలను అచ్చువేయమంటే "మైనస్ ఒక రోజు, 23:55:00" అనే అర్థం వచ్చేలా చూపుతుంది. గుర్తును ముందే పక్కన పెట్టి, మిగిలిన విలువను విడగొట్టి, చివర్లో గుర్తు తగిలిస్తే సరిపోతుంది. నిమిషాలు ఒక అంకే ఉంటే ముందు సున్నా పెట్టడం మరవకూడదు. 2:5 అని అచ్చువేసే స్క్రిప్టు తాను రాసినదాన్ని తానే చదవనంటుంది.

లినక్సు వాడేవారు పైథాన్ బదులు అందులోని కమాండు భాష బాష్‌లో రాస్తామంటారు. రాయవచ్చు గానీ అక్కడ ఒక పాత గుంట ఉంది. బాష్ లెక్కల్లో సున్నాతో మొదలయ్యే అంకెను అష్టాంశ సంఖ్యగా, అంటే 8, 9 అంకెలే లేని సంఖ్యగా, తీసుకుంటుంది. 07 వరకూ బాగానే నడిచిన స్క్రిప్టు 08 దగ్గర, 09 దగ్గర ఎర్రర్ ఇచ్చి, 10 దగ్గర మళ్లీ ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. పొద్దున్న ఎనిమిది నుంచి పది లోపు మాత్రమే చెడిపోయే ప్రోగ్రామును మధ్యాహ్నం పూట పరీక్షించి ఎవరు కనిపెట్టగలరు?

నెలల జోలికి మొదటి స్క్రిప్టు పోకూడదు. నెలకు 28 రోజుల నుంచి 31 దాకా ఉంటాయి కాబట్టి అది స్థిరమైన వ్యవధి కాదు. అమెరికా గడియారాలు ఏటా రెండుసార్లు ముందుకీ వెనక్కీ జరగడం, 2017 జనవరి 1న మన కాలం ప్రకారం ఉదయం 5:29:59 తర్వాత అదనపు సెకనుగా 5:29:60 రావడం లాంటివి తెలుసుకోవడానికి బాగుంటాయి. ఆఫీసు కాగితాల వ్యవధులు కూడటానికి వాటి అవసరం లేదు.

ఇప్పుడు రెండో అభ్యంతరం, ఈ మధ్య ఎక్కువగా వినబడేది. చాట్ యంత్రాన్ని అడిగితే ఈ స్క్రిప్టును అర నిమిషంలో రాసిపెడుతుంది, నేర్చుకునేవారు ఇంత కష్టపడటం దేనికని. రాసిపెడుతుంది, కోడు పొందికగానే ఉంటుంది. కానీ చుక్క గురించి మీరు అడగకపోతే అది రెండు అర్థాల్లో ఏదో ఒకటి ఎంచుకునే ప్రమాదం ఉంది, ఏది ఎంచుకుందో కోడు చదివితే గానీ తెలియదు. ఆ ప్రశ్న అడగాలన్న స్పృహ 2.45, 2.75ల దగ్గర ఒకసారి ఇరుక్కున్నవారికి వస్తుంది. చేత్తో రాయమని నేననేది టైపింగు కోసం కాదు.

పరీక్షల విషయంలో నాది కాస్త చాదస్తం. కోడు మొదలుపెట్టక ముందే ఒక కాగితం మీద ఎడమ పక్క రాతలు, కుడి పక్క జవాబులు రాయిస్తాను: 0:00, 0:59, 1:00, 98:40, గంటన్నర, ఖాళీ వరుస, మైనస్ గుర్తు, 1:75, 1:5, 2.30. జవాబుల్లో సగమైనా "చెల్లదు" అని లేకపోతే కాగితం వెనక్కిచ్చేస్తాను. ఆ తర్వాత యంత్రం చేసే పరీక్ష ఒకటి. 0 నుంచి 9,999 వరకు ప్రతి నిమిషాన్నీ గంటలు, నిమిషాలుగా అచ్చువేసి, ఆ అచ్చును మళ్లీ చదివించి, మొదటి అంకె తిరిగి వచ్చిందా అని చూడటం. కన్ను ఆర్పేలోగా అయిపోతుంది. ముందు సున్నా మరిచినవారు ఇక్కడే దొరుకుతారు. చుక్కను తప్పుగా చదివేవారు మాత్రం ఈ పరీక్షలో దొరకరు, ఎందుకంటే స్క్రిప్టు తానుగా ఎన్నడూ చుక్క రాయదు. వారికి కాగితమే గతి.

ఇదంతా నడిచాక లైబ్రరీ తీసుకోమని నేనే చెబుతాను. లోపలి పూర్ణాంకం స్థానంలో టైమ్‌డెల్టా పెట్టి, అవే పరీక్షలు మళ్లీ నడిపించాలి. అప్పుడు కోడులోంచి తీసెయ్యగలిగేది మొదటి గుణకారం పంక్తి ఒక్కటే. టైమ్‌డెల్టాలో సెకండ్స్ అని అడిగితే రోజులు పోగా మిగిలినవే వస్తాయి, 27 గంటల 30 నిమిషాలు అక్కడ కూడా మూడున్నర గంటలే అవుతాయి. టోటల్ సెకండ్స్ అనే ఫంక్షనును పిలవాలి. నేరుగా అచ్చువెయ్యమంటే "ఒక రోజు, 3:30:00" అనే రూపంలో వస్తుంది గానీ మన టైమ్ షీటుకు కావలసిన 27:30 రాదు, కాబట్టి భాగాహారమూ శేషమూ ఉన్న రెండు పంక్తులూ ఎక్కడివక్కడే ఉంటాయి. చదివే భాగంలో, అంటే చుక్కను తిప్పి పంపే చోట, 60 లోపని చూసే చోట, గంటన్నరను వెతికే చోట, ఒక్క పంక్తి కూడా తగ్గదు.